మా చెల్లి ఖాతా మూసి, వాడిది వదిలేశారు

పదేళ్ల మా చెల్లిని బెదిరించినవాణ్ణి వదిలేసి, ఫోన్ ఆటల కంపెనీ మా చెల్లి ఖాతా మూసేసింది. నా ఫిర్యాదు ఇదే.

నా వయసు ఇరవై నాలుగు. గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తాను. ఆ పని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మ, చెల్లి, నేను.

మూడు నెలల క్రితం చెల్లి బొమ్మ ఇళ్లు కట్టే ఆట పెట్టమంది. పుట్టిన తేదీ అడిగితే నాది కొట్టాను. ఎక్కడ అడిగినా నాదే కొడతాను, అలవాటు.

సోమవారం సాయంత్రం ఆరున్నరకు షాపు నుంచి వచ్చేసరికి చెల్లి మంచం కింద ఉంది. "రేపు బడికి పోనన్నయ్యా" అంది. ఆటలో పరిచయమైన 'తెల్ల కుందేలు' అనేవాడు అడిగితే బడి గేటు ఫొటో పంపిందట. ఇప్పుడు వాడు "నాతో మాట్లాడకపోతే బండేసుకుని ఆ గేటు దగ్గరికి వస్తా" అని రాశాడు. వాడి పేరు కింద వయసు పదకొండు అని ఉంది. పదకొండేళ్లవాడికి బండి ఎక్కడిది?

ఆరూ నలభైకి ఆ ఆటలోనే వాడి మీద ఫిర్యాదు బటన్ నొక్కాను. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి జవాబు వచ్చింది: "పెద్దవారైన మీరు ఒక చిన్నారిని ఇబ్బంది పెడుతున్నట్టు గుర్తించి మీ ఖాతా మూసివేశాం." ఎవరు చిన్నారి? మూడుసార్లు చదివాను. వాడు రాసినవన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఇప్పుడది తెరుచుకోదు.

"నన్ను మూసేశారా అన్నయ్యా? నేనేం చేశాను?" అంది చెల్లి. "ముందు ఆ దిక్కుమాలిన ఫోన్ పారెయ్‌రా" అంది అమ్మ. పారేస్తే వాడి దగ్గరున్న ఫొటో పోతుందా?

ఇక్కడ స్టేషన్లో ఎస్సై మేడమ్ అడిగారు: "తప్పు తేదీ కొట్టింది నువ్వే కదా తమ్ముడూ?"

"నేనే మేడమ్. మరి వాడు కొట్టిందో?"

"ఆగాగు, బుర్ర తిరుగుతోంది. మొదటి నుంచి చెప్పు."

మళ్లీ చెప్పాను. నేను అబద్ధం కొట్టాను, ఒప్పుకుంటున్నాను. కానీ "నాది ఐదో క్లాసు, ఎక్కాలు రావు" అని చెల్లి ఆ ఆటలోనే వాడికి రాసింది. కంపెనీకి అది కనబడలేదు, నా తేదీ కనబడింది. ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

ఆ బడి గేటు వెల్డింగ్ చేసింది నేనే. నిన్నా, ఈ రోజూ చెల్లిని ఇంట్లో ఉంచి, ఆ గేటు ముందు నిలబడ్డాను. ఎవరి కోసం చూడాలో తెలియదు. వచ్చిన ప్రతి బండినీ చూశాను.

నేను చెప్పింది మేడమ్ రాసి, చదివి వినిపించారు. 'ఖాతా మూతపడింది' అని ఉంటే కొట్టేయించి, 'కంపెనీ మూసింది' అని రాయించాను. మిగతాది జరిగింది జరిగినట్టే ఉంది.

కంపెనీ వాడి ఖాతా మూయాలి. వాడు రాసిన ప్రతి మాటా ఈ స్టేషన్‌కు పంపాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు రావాలి. వచ్చే సోమవారం చెల్లికి పరీక్షలు. ఆ గేటులోంచే వెళ్లాలి.

సంతకం
బుధవారం, ఉదయం 11:20