ఎగిరొచ్చిన టీ కొట్టూ, నాలుగు రకాల కేంబరూ

నా మీద పంచాయితీ ఎట్టినారు కాబట్టి ముందల టీ తాగండి, తరవాత ఇనండి. గవర్రాజన్నా, మన కొట్లోల్ల సంఘానికి పెద్దవి నువ్వు, తీర్పు నువ్వే సెప్పాల. జోగమ్మ కూతురి పురుడికెల్లింది. తిరిగొచ్చేతలికి షిప్పియార్డు గేటు ఎదురుగా, దాని ఇడ్లీ బండి ఆగే సోట నా టీ కొట్టుంది. ఉంది. నాను కాదన్నానా? కాని నాను ఎట్టలేదు. అదే వచ్చింది.

— కొట్టెలగొస్తది దేముడమ్మా?

అదే సెప్తన్నాను గవర్రాజన్నా. మా ఆయన పోతా పోతా నాకు ఒగ్గేసింది ఈ కొట్టొకటే, దాని మీద కారిపోయే రేకొకటి. వానొస్తే టీలో సగం నీల్లే. నాను కలిపేనంటారు గాని, కలిపింది వాన. సరే, కొత్త రేకు ఏయించుదారని, షిప్పియార్డులో ఓడల బొమ్మలు గీసే శ్రీరామ్మూర్తి గారు టీకొస్తే అడిగినాను. కేంబరెట్టించమన్నాడు. అదేటి బాబూ అంటే, ఓడ డెక్కుకి మద్దిన కాస్త ఎత్తుంటాదంట, నీల్లు అటూ ఇటూ జారిపోతాయంట. బాగానే ఉంది.

ఆ కేంబరు ఎక్కడ దొరుకుతాదిరా అని లారీలు బాగుసేసే కన్నబాబుని అడిగితే, అదిగో ఆ బల్ల మీద కూకున్నాడు సూడండి, కేంబరంటే సెక్రం వాలు అన్నాడు. అవునా కాదా?

— అవును పిన్నీ. సెక్రం నిలువుగుండకుండా కొంచెం వాలుగుంటాది. అదే కేంబరు.

ఇన్నారా. ఉక్కు ఫేక్టరీ గురునాథరావు గారైతే మొకం మాడ్సుకున్నాడు. రేకు పొడుగునా పక్కకి వంకరపోతే దాన్నే కేంబరంటామండీ, అలాంటి సరుకు తిరగ్గొట్టేస్తామండీ అన్నాడు. ఒకాయన ఎట్టించమంటాడు, ఒకాయన తిరగ్గొట్టమంటాడు. ఇంతలో నేవీలో ఇమానాలు సూసే ఆయనొచ్చి, రెక్క వీపు మీద వంపే కేంబరు, అది లేకపోతే ఇమానం లెగదన్నాడు. మాట ఒకటే, మడుసులు నలుగురు, నా బుర్ర తిరిగిపోనాది. ఇది ఓడదా, సెక్రానిదా, తప్పుడు సరుకుదా, రెక్కదా? అప్పుడు నానేటి సేసినానో తెలుసునేటి? వెల్డింగు సన్యాసిరాజుని పిలిసి నాలుగూ ఎట్టీమన్నాను. ఎట్టీసినాడు.

మొదటి వానకి లోపల సుక్క పడితే ఒట్టు. రెండో వానకి నీల్లు ఎంత జోరుగా జారినాయంటే, మద్దిలపాలెం డిపోలో బస్సులన్నీ ఆ నీల్లతోనే కడుక్కున్నారు.

— మద్దిలపాలెం ఎక్కడ, మనమెక్కడ పిన్నీ?

కన్నబాబూ, నీ సెక్రం నువ్వు సూసుకో. ఆ తరవాత తుపానొచ్చింది కదా, గాలి రేకు కిందకెల్లింది. కొట్టు లెగిసింది. పొయ్యి మీద టీ మరుగుతానే ఉంది, బల్ల మీదోల్లు ఒక్కడూ దిగలేదు, ఇంకా టీ రాలేదని. డాల్ఫిన్ నోస్ కొండ దాటతంటే లైటు హౌసాయన కిటికీలోంచి సెయ్యి సాపినాడు, గ్లాసిచ్చినాను, పంచదార తక్కువైందన్నాడు. ఓడలోల్లు జెండా ఊపి దారిచ్చినారు. ఉక్కు ఫేక్టరీ మీదకెల్లేతలికి గురునాథరావు గారి వంకర కేంబరు పట్టి లాగీసింది, కొట్టు అడ్డంగా తిరిగి సింహాచలమెల్లి గుడి సుట్టూ ప్రదచ్చినం సేసింది. నాను గరిట కిందెట్టి, అప్పన్న సామీ, ఎక్కడో ఒక కాడ దింపీయి అన్నాను. కన్నబాబు వాలు సెక్రాల మీద దొర్లుకుంటా వచ్చి ఇక్కడ ఆగింది. సెక్రాలు ఇరిగిపోనాయి. ఇంక కదల్దు. దేవుడు దింపిన కొట్టుని తియ్యమంటే నాకు బయమేస్తంది గవర్రాజన్నా. ఏటి జోగమ్మా, అలగ సూస్తన్నావు, అడగాలనుంటే అడుగు.

— దేవుడే దింపినాడు వదినా, నాను కాదన్ను. మరి నాలుగు కాల్లకీ గోతులు తీసి సిమెంటు పోసింది కూడా ఆ అప్పన్నేనేటి? నా సెప్పు అందులో దిగడిపోనాది. గవర్రాజన్నా, నువ్వే సెప్పు.

— ఆరకముందే పీకీ దేముడమ్మా.