లేని ఫ్యాక్టరీకి అనుమతి

ఆరోగ్య ప్రభావ అంచనా విభాగంలో ఒక గది. బల్లకు అటు విభాగాధికారి, ఇటు ఆయనకు ఆ పని నేర్పిన డాక్టరమ్మ. తలుపు బార్లా తీసి ఉంది.

"అది లేదండీ బాబూ. అసలు లేదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"కూర్చోండి మేడమ్. పోనీ, కిందికెళ్ళి టీ తాగుతూ మాట్లాడుకుందాం."

"టీ వద్దు. నా క్లినిక్ గోడ మీద నోటీసు అంటించి పోయారు. ఈ వీధి టైర్లు కాల్చే ఫ్యాక్టరీకి కేటాయించాం, యజమాని స్వాధీనానికి వచ్చిన రోజు అందరూ ఖాళీ చెయ్యాలి అని. ఆ ఫ్యాక్టరీ ఎవరు పెట్టారో తెలుసా మీకు?"

"నోటీసులో రాసే ఉంటుంది కదా మేడమ్."

"నేను పెట్టాను. మీకు శిక్షణ ఇచ్చినప్పుడు, నా బుర్రలోంచి తీసి పెట్టాను. ఏదైనా కడితే చుట్టుపక్కల జనం ఆరోగ్యం ఏమవుతుందో లెక్క కట్టడం మీకు నేర్పాలి కదా. నేర్పడానికి ఒక ఉత్తుత్తి ఫ్యాక్టరీ కావాలి కదా."

"చాలా మంచి అభ్యాసం మేడమ్. అందరం మెచ్చుకున్నాం."

"మెచ్చుకుంటే మెచ్చుకున్నారు. కట్టమన్నానా?"

"కొంచెం మెల్లగా..."

"మెల్లగా ఎందుకు? పొగ గొట్టం తీసుకెళ్ళి బడి కిటికీ పక్కన పెట్టాను. మురికినీళ్ళు మంచినీళ్ళ ట్యాంకులో కలిపాను. టైర్లు ఆరబెట్టేది ప్రసూతి ఆసుపత్రి మేడ మీద. ఇవన్నీ ఎందుకు పెట్టాను? మీరు తప్పులు పట్టుకోవాలని."

"అన్నీ పట్టుకున్నాం మేడమ్. నాకు మొదటి బహుమతి కూడా ఇచ్చారు మీరు."

"మరి? ఈ ఫ్యాక్టరీ వస్తే ఆ వీధిలో మనిషన్నవాడికి ఊపిరాడదని మీ చేత్తో మీరే రాశారు. ఆ నివేదిక పెట్టుకుని అనుమతి ఎలా వచ్చిందండీ?"

"అనుమతి కాగితంలో ఒకటే ప్రశ్న ఉంటుంది మేడమ్. ఆరోగ్య ప్రభావ అంచనా జరిగిందా, లేదా అని. జరిగింది కదా. జరిగిందని రాశాం."

"అంచనాలో ఏం తేలింది అని అడగరా?"

"ఆ గడి లేదు."

"లేకపోవడం ఏమిటి?"

"లేదంతే. పైగా ఈ విభాగం పెట్టాక పూర్తయిన అంచనా అదొక్కటే. మిగతావి మొదలైతే పెట్టాం గానీ, మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా బదిలీ అయిపోయారు. ఒకాయన చేపల శాఖలో ఉన్నారు. ఒకావిడ మ్యూజియంలో బొమ్మలకి దుమ్ము దులిపిస్తున్నారు. ఇక్కడ మిగిలింది నేనే."

"అది సరే, లోకంలో ఇన్ని వీధులుండగా మా వీధే దొరికిందా?"

"పటం మీరే ఇచ్చారు కదా మేడమ్."

"రోజూ తిరిగే వీధి కాబట్టి చెయ్యి దానంతటదే గీసేసింది. ఇప్పుడు చూడండి, మా అత్తగారు నోటీసు చదివిన పూటే మంచం విప్పించేశారు. ఆ కర్రల మీద కూర్చుని లారీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. పక్కింటి కుట్టుపనావిడ మిషను కట్టేసి ఏడుస్తోంది. వాళ్ళకేం చెప్పను? మనల్ని తరిమేస్తున్న ఫ్యాక్టరీ నా పాఠంలోది అని చెప్పనా?"

"ఎవరికీ ఏమీ చెప్పకండి మేడమ్. దయచేసి."

"ఎందుకు చెప్పకూడదు?"

"కిందికి వెళ్దాం రండి, చెబుతాను."

"ఇక్కడే చెప్పండి."

"ఇక్కడ... అయ్యో, డైరెక్టర్ గారు వస్తున్నారు."

"రానివ్వండి. ఆయన్నే అడుగుతాను."

"ఎవరూ, డాక్టరమ్మగారా? కూర్చోండమ్మా, కూర్చోండి. మీ చలవ వల్లే ఈ విభాగం నిలబడింది. సామర్థ్యం పెంచండి, పెంచండి అని పైనుంచి ఒకటే పోరు. పెంచి చూపించాం."

"డైరెక్టర్ గారూ, మీరు అనుమతిచ్చిన ఆ టైర్ల ఫ్యాక్టరీ లేదండీ."

"లేదు కాబట్టేనమ్మా ఇచ్చాం. ఉంటే మళ్ళీ అనుమతి దేనికి?"

"అది కాదు. కంపెనీయే లేదు. యజమానే లేడు."

"తప్పమ్మా, అంత మాట అనకండి. అలాంటి యజమానిని నా సర్వీసులో చూడలేదు. ఒక్కసారి వచ్చి సతాయించలేదు. మంత్రిగారి చేత ఫోను చేయించలేదు. పళ్ళబుట్ట పంపలేదు. అభినందిస్తూ నేనే ఉత్తరం రాస్తే జవాబు కూడా ఇవ్వలేదు. అంత నిరాడంబరం."

"ఆయన మా ఇంట్లో పిల్లండీ."

"మీ పిల్లా? ఇంతసేపూ చెప్పరేం? యువతరమే రావాలమ్మా పరిశ్రమల్లోకి."

"పిల్ల కాదండీ, పిల్లి. నాలుగు కాళ్ళు, తోక. యజమాని పేరు కావాల్సొస్తే ఏమీ తోచక దాని పేరు రాశాను."

"రాస్తే ఏమైందమ్మా. మా అల్లుడు తన కంపెనీకి చిలక పేరు పెట్టాడు, బ్రహ్మాండంగా నడుస్తోంది."

"అసలు నివేదిక చదివారా మీరు?"

"చూడకుండా సంతకం పెడతానా? అట్ట చూశాను. చేత్తో ఎత్తి చూశాను. మంచి బరువుంది."

"లోపల చూడాల్సింది. బడి పిల్లలకు దగ్గు పట్టుకుంటుందని ఉంది."

"ఎదురుగా క్లినిక్ ఉందని కూడా ఉంటుంది కదా. మందులిస్తారు."

"అది నా క్లినిక్. దాన్నీ ఖాళీ చెయ్యమన్నారు."

"మరింకేం? క్లినిక్ లేకపోతే దగ్గు ఎక్కడా నమోదు కాదు. చూశారా, ఎంత పకడ్బందీగా కుదిరిందో. సరేనమ్మా, నాకు మీటింగుంది. మన సామర్థ్యం చూడ్డానికి ఇంకో దేశం నుంచి ఎవరో వస్తున్నారు. మీ నివేదికే చూపిద్దాం. ఏమయ్యా, అట్ట కొంచెం తుడిపించు."

"అలాగే సార్."

"వస్తానమ్మా."

"వెళ్ళిపోయారు. ఆయన నిజంగానే వెళ్ళిపోయారు. మీకు నవ్వు కూడా రావట్లేదా?"

"మేడమ్, ఆ తలుపు వేసి రండి."

"వెయ్యను. ఇటునుంచి ఇటే పత్రికాఫీసుకి వెళ్తాను. అదంతా కల్పితం అని నా పేరుతోనే రాయిస్తాను. అప్పుడైనా రద్దు చేస్తారా, చెయ్యరా?"

"వెంటనే చేస్తారు. అదే నా భయం. తలుపు వెయ్యండి మేడమ్."

"...వేశాను. చెప్పండి."

"మీ వీధి కోసం ఇంకో కంపెనీ ఏడాదిగా తిరుగుతోంది. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. వాళ్ళు కల్పితం కాదు. లారీలున్నాయి, మనుషులున్నారు, మంత్రిగారింట్లో సొంతింట్లో తిరిగినట్టు తిరుగుతారు. డైరెక్టర్ గారన్న పళ్ళబుట్టలు వాళ్ళవే."

"మా వీధికా? మాకెవరూ చెప్పలేదే."

"మీకెందుకు చెబుతారు? వాళ్ళ అంచనా నా బల్ల మీదికే వచ్చింది. మీరు నేర్పినట్టే లెక్క కట్టాను. గాలి ఎటు వీస్తుందో చూశాను, బడి ఎంత దూరమో చూశాను. పసిపిల్లల రక్తంలోకి సీసం పోతుంది మేడమ్. అదే రాశాను."

"రాస్తే?"

"రేపెవరైనా లోపల చదివితే చిక్కని, ఇంకోలా రాసేదాకా పూర్తయినట్టు కాదన్నారు."

"రాశారా?"

"లేదు. నేను రాయకపోతే నన్నూ చేపల దగ్గరికి పంపి, రాసేవాణ్ణి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటికెళ్తే అన్నం సహించలేదు. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని ఒకటే అడగడం. ఏమని చెప్పను?"

"నా దగ్గరికి రాకపోయారా?"

"వచ్చాను మేడమ్. మీ క్లినిక్ గుమ్మం దాకా వచ్చాను. బెంచీ నిండా పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులు కూర్చునున్నారు. మీరు ఒక బుడ్డోడి గొంతులోకి టార్చి వేసి చూస్తున్నారు. మిమ్మల్ని పిలవలేక తిరిగొచ్చేశాను. వచ్చి, అనుమతి కాగితం తీసి నింపడం మొదలుపెట్టాను."

"మన టైర్ల ఫ్యాక్టరీకా? కావాలనే?"

"కావాలనే."

"మీకు మతి ఉందా? దొరికితే ఉద్యోగం పోతుంది. జైల్లో వేస్తారు. పాఠం తీసుకెళ్ళి ఫైల్లో పెడతారా ఎవరైనా? అలా ఎందుకు చేశారండీ?"

"ఒకసారి ఒకరికి కేటాయించిన స్థలం ఇంకొకరికి ఇవ్వకూడదని రూలుంది మేడమ్. మీ పిల్లి స్వాధీనానికి వచ్చేదీ లేదు, మీరు ఖాళీ చేసేదీ లేదు. ఉన్నవాళ్ళకిస్తే మీ వీధి ఉండదు. అందుకే లేనివాళ్ళకిచ్చేశాను."