నెత్తిమీది మేత సంచులు

"తాతయ్యా, ఇదివరకు మీరు ఇంట్లోకి పువ్వులు రానిచ్చేవారు కాదట కదండీ? మామ్మ చెప్పింది. పడవా మీకు?"

చెప్పిందా? నీకు చెప్పింది గానీ నాతో ఒక్క మాట అనదు చూడు. సరే, ఆ ఫోను ఇటు పెట్టు, రికార్డవనీ. పడకపోవటం కాదమ్మలూ, ఎదవ బుద్ధి. నా ఎదవ బుద్ధే. నా తమ్ముడి మనవరాలివి, నీ దగ్గర దాపరికమేంటి.

పొద్దున్న లేస్తూనే పాతిక తుమ్ములు. ఎదురింటివాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. ముక్కు రెండు పక్కలా దిబ్బడేసి, నుదుటి మీద రోలు పెట్టినట్టు బరువు. కొరమీను పులుసు ముందు పెట్టినా వాసన తెలిసేది కాదు. కొల్లేటి గట్టున పుట్టినోడికి అంతకంటే శాపం ఉందా? ఐదేళ్ళు... కాదు కాదు, మీ అక్క పెళ్ళప్పటికే ఉంది కాబట్టి ఏడేళ్ళు.

ఏలూరులో ముక్కు డాక్టరు దగ్గరికెళ్తే, నా మొహం కూడా సరిగ్గా చూడలేదు, ముక్కులో లైటేసి "డస్ట్ అలర్జీ" అన్నాడు. నాలుగు రకాల బిళ్ళలు, ముక్కులో కొట్టుకునే మందొకటి. మా చిన్నప్పుడు రూపాయి పెడితే ఆరెంపీ డాక్టరు సూదేసి, మందిచ్చి, చేను ఎలా ఉందని కూడా అడిగేవాడు. ఈయన "ఎక్కడ పడుకుంటావయ్యా" అని ఒక్క ముక్క అడిగుంటే! ఇంకొకాయన ముక్కు దూలం వంకరుంది, ఆపరేషన్ అన్నాడు. పుట్టినప్పట్నించీ వంకరేనండి, మరి ఇన్నాళ్ళూ ఎందుకు తుమ్మలేదండి అన్నాను. కోపమొచ్చింది ఆయనకి.

ఇదిగో, అసలు సంగతి ఇక్కడుంది. నేను చేపల చెరువు మీద మేత పనికి వెళ్ళేవాణ్ణి కదా. తవుడు సంచులకి చిల్లులు పొడిచి, చెరువులో పాతిన కర్రలకి కడతాం. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. సంచి చిరిగితే అవతల పారేస్తారు. నాదేమో పెంకుటిల్లు, పైనుంచి మట్టి మంచం మీద రాలేది. ఊరికే వస్తున్నాయి కదాని ఆ సంచులు తెచ్చి, కాలవలో జాడించి, దబ్బనంతో కుట్టి, పెంకుల కింద సీలింగులా కట్టాను. సరిగ్గా నా మంచం పైన. ఊళ్ళో పదిమందిని పిలిచి చూపించుకున్నాను కూడా. మీ మామ్మ వసారాలో పడుకునేది. అప్పుడే అంది, "ఏవండీ, ముక్కిన వాసనొస్తోందండీ" అని. నీకేం తెలుసు, నోర్ముయ్యన్నాను. ఆ వానాకాలమే తుమ్ములు మొదలయ్యాయి. అయినా బుర్రకి తట్టలేదు.

డాక్టరు దుమ్మనేసరికి నేనేం చేశానో తెలుసా? ఉన్నదాని కింద ఇంకో వరస సంచులు కట్టాను! నవ్వకు. నవ్వితే నాకు మండుద్ది. దుమ్ముకి దారి మూసేశాను కదా, ఇంకా ఈ తుమ్ములేంటని చూస్తే, కిటికీ పక్కన సన్నజాజి పందిరి కనపడింది.

ఆ తీగ మీ మామ్మ కాపురానికొచ్చిన ఏడు పెదవేగిలో పుట్టింటి నుంచి తెచ్చుకుంది. తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. సాయంత్రం మాల కట్టి తల్లో పెట్టుకోనిదే దీపం పెట్టేది కాదు. నేను కత్తి తీసుకెళ్ళేసరికి పూల సజ్జ పట్టుకుని నిలబడుంది. "తగ్గుద్దంటే కొట్టెయ్యండి" అంది. అంతే. కొట్టేశాను. మళ్ళీ చిగురేస్తే మొదలు దగ్గర కిరసనాయిలు పోశాను. కొనుక్కొచ్చిన పువ్వులు కూడా తల్లో పెట్టొద్దన్నాను, పండగపూట కూడా. తుమ్ములు మాత్రం తగ్గలేదు. తగ్గకపోయినా తప్పు నాదనుకోలేదు చూడు!

తరవాత మా చెల్లెలి మనవడి పెళ్ళికి తాడేపల్లిగూడెం వెళ్ళి పదిరోజులున్నాం. ఇల్లంతా పువ్వులే. పెళ్ళి పందిట్లోనే పడుకున్నాను, ఒక్క తుమ్ము రాలేదు. ఇంటికొచ్చిన మర్నాడు మళ్ళీ మొదలు. ఇదేదో చిత్రంగా ఉందే అని మళ్ళీ గూడెం వెళ్తే అక్కడో కుర్ర డాక్టరమ్మ, నీ ఈడే ఉంటుంది, "ఎక్కడ పడుకుంటారండీ? మంచం పైన ఏముంది?" అని అడిగింది. ఏం లేదండి, ఆయ్, శుభ్రంగా సీలింగు కట్టానండి అన్నాను. వెనకనుంచి మీ మామ్మ మెల్లగా, "మేత సంచులండీ డాక్టరమ్మగారూ. తవుడువి" అంది. ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసింది. "ముందు వాటిని తీయించండి. తీసేటప్పుడు మీరు ఆ గదిలోకి వెళ్ళకండి" అంది.

మా అబ్బాయి మూతికి గుడ్డ కట్టుకుని దింపాడు. నల్లగా బూజు, కుట్లలో తవుడు గడ్డకట్టి పురుగు పట్టుంది. లాగుతుంటే పొగలా రాలింది. ఏడేళ్ళు అది పీల్చాను, నా చేత్తో నేనే కుట్టుకుని. నెలన్నరకి ముక్కు తెరుచుకుంది. అందరూ సంతోషించారు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టర్ల మీదా? ఉంది, వాళ్ళ మీదా ఉంది కోపం. కానీ కత్తి పట్టుకుంది వాళ్ళు కాదు కదా.

మళ్ళీ అక్కడే సన్నజాజి పాతాను. పెదవేగిలో ఆ తీగ లేదు, ఇల్లే అమ్మేశారు, నర్సరీలో కొన్నాను. పోయినేటి నుంచి విరగబూస్తోంది. మీ మామ్మ కోస్తుంది, మాల కడుతుంది, వీధిలో ఆడపిల్లలందరికీ పంచేస్తుంది. తను మాత్రం పెట్టుకోదు. పెట్టుకోవే అన్నాను ఓసారి. "అలవాటు పోయిందండీ" అంది. తిట్టినా బాగుండేది. తిట్టదు!

నీ జడలో ఉన్నాయే, అవీ ఆ తీగవే. ఇక్కడిదాకా వాసనొస్తోంది. ఇప్పుడు బాగా తెలుస్తోంది నాకు... సరేలే, ఆపెయ్యి ఆ ఫోను. చల్లగా ఉండు తల్లీ. నిండుగా పెట్టుకో పువ్వులు. రేపు నీ మొగుడు తుమ్మినా సరే, తియ్యకు.