గాజు సీసా

ఆదివారం పొద్దున, సరోజినీ నగర్ క్వార్టర్‌లో తండ్రి పెసరట్లు వేస్తున్నాడు. జియా సరాయ్‌లో గది తీసుకుని చేపల మీద పరిశోధన చేస్తున్న కూతురు టిఫినుకు వచ్చింది.

“నాన్నా, మా ల్యాబు శాంపిల్ సీసాతో పాటు పంపిన యమున నీళ్ళ రిపోర్టు మీ కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఎందుకు కొట్టేశారు?”

“శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టారమ్మా. రిపోర్టులో ఉందన్న ఆ ప్లాస్టిక్‌ని మెత్తబరిచే కెమికల్ సీసాలోంచే నీళ్ళలోకి దిగుతుంది. అలాంటి శాంపిల్ చెల్లదు.”

“అలాగని రాసిందెవరు?”

“నేనే. ఇంకో అట్టు వెయ్యనా?”

“ఆ నీళ్ళలో చేపపిల్లలు వెన్ను వంకరగా పుడుతున్నాయి నాన్నా. రోజూ చూస్తున్నా.”

“అచ్ఛా. అయితే మళ్ళీ పట్టి పంపమను.”

“ఎవర్ని పంపమంటారు? మోకాళ్ళదాకా నురగలో నిలబడి పట్టింది నేనే. గాజు సీసాలో పట్టాను. మా ప్రొఫెసర్ పేరుతో వెళ్ళింది కాబట్టి మీకు తెలీదు.”

అట్టు మాడుతోంది. అతను తిప్పలేదు.

“తెలుసమ్మా.”

“ఎలా?”

“లేబుల్ మీద నీ చేతిరాత.”

“చూసి కూడా ప్లాస్టిక్ అని రాశారా?”

“పైనుంచి అలాగే రాయమన్నారు. రాసేముందు, సీసా లేబుల్‌ని గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.”