ఉంగరానికీ కత్తెరకూ నడుమ ఐలేశ్

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు పక్కన ఎల్లయ్య చాయ్ బండి. మక్కల కాంటా పెట్టేసరికి మధ్యాహ్నమైతదని తెలిసి రైతులంతా అక్కడ్నే చేరిండ్రు. బయ్యారం దిక్కు తండా నుంచి మక్కలు తెచ్చిన దస్రు కూడా బెంచి కొసకు కూసున్నడు. మొన్ననే సర్పంచుగ గెలిచిండు గానీ మొఖంల ఆ సంబురం లేదు. తండా ఎగువ గల్లీల బోరు మోటరు కాలిపోయింది. ఆ గల్లీ మొత్తం ఓడినోళ్లది. "మనకు ఓటెయ్యనోళ్లకు మోటరెందుకే? బిందెలు మోసుకుంట తిరగనీ, తెలిసొస్తది" అని పొద్దటి నుంచి తనోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు.

ఆ ఫోన్లన్నీ పక్కనున్న ఐలేశ్ చెవిల పడ్డయి. పెద్దవంగర దిక్కోడు, ట్రాక్టరు తోల్తడు. మాట మొదలువెట్టిండంటే ఆపేది ఆయనకే తెల్వదు.

"సర్పంచువా తమ్మీ? అయితే మా ఊరి ఓట్ల సంగతి నువ్వినాలె. మా కాడ ఇద్దరాడోళ్లు నిలవడ్డరు. తండా కాళిది ఉంగరం గుర్తు, దుకానం వనమాలక్కది కత్తెర గుర్తు. ఓ దినం ఇరుకు గల్లీల రెండు ప్రచారం ఆటోలు ఎదురెదురు వడ్డయి. రెండు మైకులు ఒక్కసారే మొత్తుకుంటున్నయి. ఎనుక జనం, కట్టెలు పట్టుకునే ఉన్నరు. ఇగ తలకాయలు పగులుతయనంగ నేను పోయి నడిమిట్ల నిలవడ్డ. 'ముందు ఒకరు మాట్లాడుండ్రి, ఇంకొకరు వినుండ్రి, తర్వాత విన్నోళ్లు మాట్లాడుండ్రి, మాట్లాడినోళ్లు వింటరు' అన్న. అంతే, మైకులు బందయినయి."

"మంచి పనే చేసినవన్నా" అన్నడు దస్రు నిజంగనే.

"ఆగు తమ్మీ, ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కత్తెరోళ్లు మాట్లాడుతుంటే ఉంగరమోళ్లు చప్పట్లు గొట్టిండ్రు! తెల్లారి కత్తెర ఆటో బ్యాటరీ దిగితే ఉంగరమోళ్లు తమది విప్పి ఇచ్చిండ్రు. ఇగ కాళి ఇంటింటికి తిరిగి 'నాకన్న వనమాలక్క తెలివైంది, ఆమెకెయ్యుండ్రి' అంటది. ఆమె ఎనుకనే వనమాలక్కొచ్చి 'కాళి మనసు వెన్న, ఆమెకే ఓటు గుద్దుండ్రి' అంటది. జనం పరేషాన్!"

"మరి మందు, కోడి?" ఎల్లయ్య చాయ్ వడగట్టుకుంటనే అడిగిండు.

"మందా? పంచనీకి తెచ్చిన సీసాలు మూత తియ్యకుంట వాపస్ పోయినయి. నా ట్రాక్టరుల నేనే తోల్కపోయిన. వైన్సాయన నన్ను పట్టుకొని ఏడ్సిండు. కోళ్లయితే... నమ్ముతవో నమ్మవో, కోళ్లు వాటంతటవే గంపల్లకెల్లి దిగి ఎవలింటికి అవి నడిచిపోయినయి."

ఎల్లయ్య కిసుక్కున నవ్విండు. దస్రు నవ్వలేదు. చేతిల చాయ్ మీద మీగడ కట్టింది, ఆయనకు సోయి లేదు. తన తండాల ఓట్లనాడు పగిలిన అన్నదమ్ముల తలకాయలు యాదికొచ్చినయి. కోళ్ల సంగతి ఎట్లున్నా, గసొంటి ఊరు ఒకటుంటే ఎంత బాగుండు అని ఆయన పానం కొట్టుకుంటున్నది.

"ఓట్లనాడు సూడాలె తమ్మీ! లైన్ల అందరు 'నువ్వు ముందు పో' అంటే 'నువ్వు ముందు పో' అనుకుంట ఒక్కలు కదలరు. లోపల ఆఫీసర్లు ఈగలు తోలుకుంట కూసున్నరు. ఉంగరం గల్లీ కుక్కలు మొరిగి ఊకున్నంకనే కత్తెర గల్లీ కుక్కలు మొరిగినయి, వరుస తప్పలే. లెక్కపెడితే ఇద్దరికి సమానం! చీటీ తియ్యమంటే 'అక్కా నువ్వు తియ్యి', 'చెల్లే నువ్వు తియ్యి'. ఆఫీసరు కండ్లల్ల నీళ్లు. 'నా నౌకరీ ధన్యమైంది ఐలేశూ' అని నా కాళ్లకు వంగబోయిండు, నేనే లేవట్టిన."

"మరి ఎవలు సర్పంచయిండ్రు?" దస్రు ముంగటికి వంగిండు.

"ఇద్దరిని ఒక్క కుర్చీల కూసోవెట్టిన! ఎట్ల వడతరంటవా? అందరి కండ్ల ముంగట ఆ ఇనుప కుర్చీ చప్పుడు చేసుకుంట అటు జానెడు, ఇటు జానెడు సాగింది. మీ బయ్యారం గుట్టల ఇనుమే తమ్మీ, అందుకే సాగింది!"

"అది సాగలే ఐలేశూ."

పప్పు బస్తాల అవతల నుంచి వచ్చిందా మాట. దుమ్ముకు మూతికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి ఓ నడీడు ఆమె చాయ్ గిలాస బెంచి మీద పెట్టింది. ఐలేశ్ బెంచి మీదికెల్లి దిగ్గున లేశిండు.

"వనమాలక్కా... నువ్వెప్పుడొచ్చినవే?"

"దుకానానికి పప్పు కొననీకొచ్చిన. ఆటోలు ఎదురు వడ్డకాడికెల్లి వింటనే ఉన్న." ఆమె దస్రు దిక్కు తిరిగింది. "ఆటోలు ఎదురు వడ్డది నిజమే తమ్మీ. ఉంగరం ఆటోల మైకు పట్టుకున్నది ఈయననే. 'దుకానపామె గెలిస్తే ఊరిని కూడా కాంటా పెట్టి అమ్ముతది' అని మొత్తుకున్నది ఈయననే."

బండి కాడ జనం గొల్లుమన్నరు. ఐలేశ్ తువ్వాలతోటి మెడ తుడుసుకుంట యార్డు దిక్కు సూసిండు.

"నడిమిట్ల నిలవడ్డది కాళి" అన్నది వనమాల. ఆ పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. "ఆటో దిగి ఈయన చేతుల మైకు గుంజుకున్నది. 'అక్కను తిట్టి అడిగే ఓటు నాకొద్దు. మాట్లాడక్కా, మేం వింటం' అని నాకే ఇచ్చింది. తన మైకు! గెలిచింది ఆమెనే. తెల్లారి మా గడపలకొచ్చి 'నీ గల్లీకి ఏం కావాల్నో నువ్వే చెప్పక్కా' అన్నది. గ్రామసభనాడు నాకోసం తన పక్కపొంటి ఇంకో కుర్చీ ఏయించింది. ఓడిపోయినదాన్ని తమ్మీ, ఊరందరి ముంగట కూసున్న."

ఎల్లయ్య చాయ్ గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డడు. దస్రుకు కుర్చీ సాగిందంటే కూడా ఇంత అబ్బురమనిపియ్యలే.

ఫోను మళ్లీ మోగింది. దస్రు ఎత్తి తనే ముందు మాట్లాడిండు.

"మెకానిక్కును తోలుకొని ఎగువ గల్లీకి పో. ఇయ్యాల్నే మోటరు నడవాలె."

"ఎగువ గల్లీకా? వాళ్లు మనకు ఓటెయ్యలే గదనే!"

"ఎయ్యలే. నీళ్లయితే తాగుతరు గదా?"