చచ్చిపోయిన తల్లి వచ్చింది

(శిశుగృహం ఆఫీసు గది. దిక్కులేని ఆడవాళ్ళకు కాన్పులు కూడా ఇక్కడే చేస్తారు. గృహం నడిపే ఆవిడను అందరూ పెద్దమ్మగారు అంటారు. ఎదురుకుర్చీలో, దత్తత తీసుకుంటున్న పాపను ఇంటికి తీసుకెళ్ళడానికి కారులో వచ్చిన మేడమ్. గుమ్మంలో, ఆ కారు కోసం తెరిచిన గేటులోంచి దూరి వచ్చిన సీసాల ఫ్యాక్టరీ అమ్మాయి.)

"నన్ను చంపేశారు మీరు! ఇంత మనిషిని, బతికున్న మనిషిని, కాగితం మీద పెట్టి చంపేశారు! ఏం పెద్దమ్మగారూ, తలెత్తి చూడరేం? దయ్యాన్ని కాదు. చూడండి."

"అరవకు. పక్కగదిలో పిల్లలు పడుకున్నారు."

"అందులో నా పిల్ల ఉంది. లేవనివ్వండి. తల్లి గొంతు విని లేవనివ్వండి."

"ఎవరండీ ఈ అమ్మాయి, పెద్దమ్మగారూ? మా కారు వెనకాలే వచ్చేసింది. వాచ్‌మన్ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది."

"ఎవరూ కాదు మేడమ్, మీరు కూర్చోండి. ఇలాంటివాళ్ళు అప్పుడప్పుడూ వస్తుంటారు. మతి సరిగ్గా ఉండదు, పాపం."

"మతి లేనిదాన్నా, చచ్చినదాన్నా? ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. రెండూ నేనే అంటే ఎలా?"

"చూడమ్మాయ్, నీ పేరుతో ఇక్కడ ఎవరూ ప్రసవించలేదు."

"నా పేరు అడగనేలేదుగా మీరు? అడక్కుండానే లేనని ఎలా తెలిసింది?"

"పెద్దమ్మగారూ, ఈమె ఏ పిల్ల గురించి మాట్లాడుతోంది?"

"ఏ పిల్లా లేదు మేడమ్. నేను చూసుకుంటానుగా, మీరు..."

"కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఉన్న పిల్ల. ఆవగింజంత. ఏమ్మా, అక్కా, మొహం ఎందుకలా రంగు మారింది? మీరు చూసే ఉంటారు. ఎత్తుకునే ఉంటారు."

"నేను నీకు అక్కని కాను."

"కాకపోతే మానె. కానిదానిగానే చెప్పండి. మచ్చ ఉందా, లేదా?"

"పెద్దమ్మగారూ... మా పాపకి కుడి చెవి వెనక..."

"మీ పాపా?"

"మా పాపే! రోజూ వచ్చి ఎత్తుకుంటున్నాను, స్నానం చేయిస్తున్నాను, నా గొంతు వింటే కాళ్ళాడిస్తుంది. ఇవాళ ఇంటికి తీసుకెళ్తాం. రేపు కోర్టులో జడ్జిగారు ఆర్డరిస్తే మా ఇంటిపేరు."

"రేపు కదా. ఇవాళ్టికి నాదే."

"మేడమ్, మీరు కంగారు పడకండి. ఇక్కడి ఆయాలకు నోట్లో మాట నిలవదు. ఎవత్తో మచ్చ సంగతి చెప్పి ఉంటుంది దీనికి."

"ఆయా చెప్పాలా? నా కడుపులోంచి వచ్చిందాని చెవి నేను చూసుకోలేదా? పొద్దున్న పుట్టింది, చీకటి పడేదాకా నా పక్కలోనే ఉంది. తలుపు పక్క మంచం. పైన ఫ్యాను తిరగదు. ఇప్పటికైనా బాగుచేయించారా?"

"సరే, ప్రసవించావు. నేను కాదనను. ప్రసవించి వదిలేసి పోయావు."

"ఇందాక లేనే లేనన్నారు. ఇప్పుడు వదిలేసి పోయాను. ఇంకాసేపాగితే పిల్లను నేనే తెచ్చి మీ చేతిలో పెట్టానంటారేమో!"

"నోరు అదుపులో పెట్టుకో."

"నేను పోయానా? ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తెరుచుకోవట్లేదు, మీ అంబులెన్సులోనే కదా పెద్దాసుపత్రికి పంపారు! స్ట్రెచర్ మీద మోసుకుపోతే పోవడమా అది?"

"ఆఖరికి దత్తత కాగితం మీద సంతకం పెట్టకుండా పోయావుగా. వదిలేసినట్టు కాదా అది?"

"సంతకం పెడితే నా సమ్మతి. పెట్టకపోతే వదిలేసినట్టు. ఏం చేస్తే ఇది నా పిల్ల అయ్యేదో అది కూడా చెప్పండి, నేర్చుకుంటాను."

"స్ట్రెచర్ ఎక్కించేముందు అడిగాను కదా నిన్ను, పిల్లను దత్తతకు ఇస్తావా అని?"

"అడిగారు. నేనేమన్నాను? మేడమ్‌గారి ముందు చెప్పండి. నేనేమన్నాను?"

"ఆలోచించి చెప్తానన్నావు."

"హమ్మయ్య! చచ్చినదానితో మాట్లాడారన్నమాట."

"ఒక్క నిమిషం. ఒక్క నిమిషం పెద్దమ్మగారూ. మాతో మీరు తల్లి కాన్పులోనే పోయిందన్నారు. మా ఆయన ముందు అన్నారు. మీ చెయ్యి పట్టుకుని, నా బిడ్డను మంచి ఇంట్లో వెయ్యండి అని చెప్పి కన్నుమూసిందన్నారు."

"అది వేరు మేడమ్, ఇది వేరు. ఇదేదో ఇంకో పిల్ల తల్లి. మచ్చలు ఎంతమందికి ఉండవు?"

"నేనట్టా అన్నానా? మంచి ఇంట్లో వెయ్యమనా? నేను అడిగింది మంచినీళ్ళు. అవి కూడా ఇవ్వలేదు."

"నువ్వు నోరుముయ్యి! అసలు నీకేం కావాలి? ఇన్నాళ్ళూ ఏమైపోయావు? పిల్ల నా చేతుల్లో కాస్త ఒళ్ళు చేసి, నవ్వడం మొదలెట్టాక గుర్తొచ్చిందా?"

"ఆసుపత్రిలో లేచి కూర్చోగానే వచ్చాను. గేటు దగ్గరే పొమ్మన్నారు. మళ్ళీ వచ్చాను. మళ్ళీ పొమ్మన్నారు. ఇంకోసారి వస్తే ఇక్కడి గుమాస్తా బయటికొచ్చి, ఆ పిల్ల తల్లి చచ్చిపోయినట్టు రాసుందమ్మా, నువ్వెవరు అన్నాడు. నేనే అన్నాను. నవ్వాడు. ఈ గేటు మీలాంటోళ్ళ కారుకే తెరుచుకుంటుందని తెలిసి, ఇవాళ కారు కోసమే కాపు కాశాను."

"తీసుకెళ్ళి ఏం చేస్తావు? ఏం పని చేస్తావు నువ్వు?"

"సీసాలు కడుగుతాను. ఫ్యాక్టరీలో."

"ఉండేది?"

"ఒక గది."

"ఎంత గది?"

"మీ కారుకన్నా పెద్దదే."

"హాస్యాలాడకు నాతో! షిఫ్టుకి పోతే పిల్లనెవరు చూస్తారు?"

"మీరు ఆఫీసుకి పోతే ఎవరు చూస్తారు?"

"ఆయాను పెట్టాను."

"నాలాంటిదాన్నే కదా. మీ ఇంట్లో జీతానికి చూస్తే పనికొస్తాను, నా ఇంట్లో నా పిల్లకు పనికిరానా?"

"వాళ్ళ నాన్న ఎవరమ్మాయ్? ఎక్కడున్నాడు? ఆ సంగతి చెప్పు మేడమ్‌కి."

"ఆయన సమ్మతి కూడా అడుగుదామనా? లేకపోతే ఊరికే నా పరువు తీద్దామనా? తీయండి. కడుపని తెలియగానే సామాను సర్దుకుని పోయాడు. వదిలేసి పోవడమంటే అదీ. వాణ్ణి ఎవరూ చంపలేదు చూశారా, ఏ కాగితం మీదా! హాయిగా తిరుగుతున్నాడు. చచ్చింది నేను."

"వింటున్నారా మేడమ్? మొగుడు లేడు, ఇల్లు లేదు. రేపు పిల్లకి జ్వరమొస్తే మళ్ళీ మన గుమ్మంలోనే పడేస్తుంది. నేను ఎంతమందిని చూడలేదు! పట్టుకుని ఏడుస్తారు, నెల తిరక్కుండా వదిలించుకుంటారు."

"నన్ను చూడండి పెద్దమ్మగారూ, ఎంతమందినో కాదు."

"ఇదిగో విను. ఇంట్లో మా పెద్దాడు ఊయల పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు. చెల్లెలొస్తుందని బడికి కూడా వెళ్ళలేదు. వాడూ ఇక్కడి బిడ్డే. తల్లి లేని బిడ్డ. వాడి తల్లి నిజంగా చచ్చిపోయింది. నీలా వచ్చి పీకల మీద కూర్చోలేదు!"

"పుణ్యాత్మురాలు. చచ్చి మీకు సాయం చేసింది."

"ఏమన్నావ్?"

"మీరన్నదే అన్నాను."

"బయటికి పో. పెద్దమ్మగారూ, వాచ్‌మన్‌ని పిలవండి."

"పిలుస్తున్నాను మేడమ్. మీరు పాపను తీసుకుని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోండి. కారు అటు తెప్పిస్తాను."

"ఆగండి. అలా దొంగలా నేనెందుకు పోవాలి? దీని నోరు ఇక్కడే మూయిస్తాను. ఏయ్, నిజంగా నువ్వే తల్లివైతే చెప్పు, ప్రసవం రోజు నీ ఒంటి మీద బట్ట ఏ రంగు?"

"ఆకుపచ్చ నైటీ. భుజం దగ్గర చిరుగు. పిన్నీసు పెట్టుకున్నాను."

"తప్పించుకోలేవిక. ఆ తల్లి ఆఖరిసారి కట్టుకున్న బట్ట నా దగ్గరుంది. తల్లి గుర్తుగా పెద్దమ్మగారు ఇందాకే ఇచ్చారు, ఈ కవర్లో."

"మేడమ్, అది ఇంటికెళ్ళి తెరవమన్నానుగా. ఇలా గొడవల్లో తెరిచేది కాదు. దానికో పద్ధతి ఉంది."

"తెరుస్తాను. ఆకుపచ్చ ఉంటే చూపిస్తాను... ఇదిగో. ఏదీ ఆకుపచ్చ? నీలం గళ్ళు. చూశావా? నీలం గళ్ళు!"

"అదా? అది నా బట్ట కాదు."

"ఇప్పుడొప్పుకున్నావు."

"అది ఎవరి బట్టా కాదు. మీ కాన్పుల గది మంచాల దుప్పటి గుడ్డ అది. నీలం గళ్ళు, పక్కన ఎర్ర గీత. అన్ని మంచాల మీదా అదే. మేమందరం దాని మీదే పడుకున్నాం, దాన్నే పిడికిట్లో పట్టుకుని అరిచాం."

"అబద్ధాలాడకు!"

"కాన్పుల గది ఇటుపక్కే కదా అక్కా. లేచి తొంగి చూస్తే పోలే?"

"మేడమ్? మేడమ్, ఏమైంది? ఆ గుడ్డ అంచుకేసి అలా చూస్తారేం?"

"ఎర్ర గీత."

"గుడ్డలు ఎన్ని ఒకలా ఉండవు మేడమ్, బజార్లో తానులు తానులు దొరుకుతాయి."

"పక్కన ఎర్ర గీత. పెద్దమ్మగారూ, మా పెద్దాణ్ణిచ్చిన రోజు కూడా మీరు కవరిచ్చారు. వాళ్ళమ్మ ఆఖరిసారి కట్టుకున్న బట్టన్నారు. అద్దం కట్టించి వాడి మంచం మీద గోడకి పెట్టాం. పుట్టినరోజు వస్తే వాడు కొత్త చొక్కా వేసుకుని దాని ముందు నిలబడతాడు. అమ్మా, నాకు పన్ను ఊడింది. అమ్మా, నేను ఒకటో తరగతికొచ్చాను. అన్నీ చెప్తాడు. నేనే నేర్పాను."

"మంచి పని కదా మేడమ్ అది."

"నా కొడుకు దుప్పటికి చెప్తున్నాడు."

"అలా అనుకుంటే అలా."

"ఇద్దరు తల్లులు ఒకే గుడ్డ కట్టుకుని చచ్చిపోయారా? ఇద్దరూ మీ చెయ్యే పట్టుకుని ఒకే మాట అన్నారా? వాడి తల్లి కూడా మంచి ఇంట్లో వెయ్యమందన్నారు. అక్షరం మారలేదు!"

"ఆ మాట వల్ల ఎవరికి చెడు జరిగింది? పిల్లాడికి తలుచుకోవడానికి ఓ తల్లినిచ్చాను. మీకు నిశ్చింతనిచ్చాను. మేడమ్, నేను ఈ ఉయ్యాలల మధ్యే ముసలిదాన్నయ్యాను. మీకు తెలీదు. తల్లి బతికుందని రాస్తే ఫైలు కదలదు. ఆమె సమ్మతి కావాలి. సమ్మతిచ్చినా మనసు మార్చుకోవడానికి గడువివ్వాలి. కనపడకపోతే పేపర్లో వెయ్యాలి, ఎదురు చూడాలి. పిల్లలు ఉయ్యాలల్లోనే పెద్దవాళ్ళైపోతారు. పోయిందని రాస్తే ఒక్క పేజీ. మీరే కదా పొద్దున లేస్తే ఫోన్ చేసి, ఇంకెన్నాళ్ళు, ఇంకెన్నాళ్ళు అన్నది!"

"అన్నాను."

"మరి?"

"అన్నాను. చంపమనలేదు."

"నన్ను చంపితేనే కదా అక్కా మీ ఫోన్ ఆగింది."

"నిన్ను మాట్లాడమన్నానా నేను? పెద్దమ్మగారూ, మా పెద్దాడి తల్లి ఎలా పోయింది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? రేపు కోర్టు ఉంది."

"పోయిందా, పోలేదా?"

"మేడమ్, ఇంటికెళ్ళండి."

"పోయిందా?"

"ఇంటికెళ్ళి, ఆ పిల్లాడి మొహం ఒకసారి చూసి, అప్పుడు వచ్చి అడగండి ఈ మాట. పోలేదని నేను అంటే వాడి ఆర్డరు ఏమవుతుందో తెలుసా? సమ్మతి లేని దత్తత. ఆ తల్లెవరో రేపు మీ గుమ్మంలో ఇలాగే నిలబడుతుంది. నా కొడుకేడీ అంటుంది. అప్పుడు వాడు ఎవరి కొడుకు?"

"బెదిరిస్తున్నారా?"

"గుర్తు చేస్తున్నాను. ఆమె పోయిందని నేను అంటున్నంతకాలం వాడు మీ కొడుకు."

"అక్కా, నా మాట వినండి. మీ అబ్బాయి సంగతి నాకక్కర్లేదు. నేను వినలేదు, చూడలేదు. ఒట్టు. కోర్టులో అడిగినా చెప్పను. మీ ఇంట్లో వాడు, నా ఇంట్లో ఇది. నా పిల్లను నాకిప్పించండి, చాలు. ఈ గుమ్మం మళ్ళీ తొక్కను."

"విన్నారుగా మేడమ్! అదే సులువు. సరే, పోనివ్వండి, దీని పిల్లను దీనికిచ్చేద్దాం. ఆసుపత్రి వాళ్ళు కబురు తప్పు చెప్పారని నేను రాసుకుంటాను. మీకు ఇంకో పాపను చూస్తాను, వచ్చే నెలలోనే. ముగ్గురం మరిచిపోదాం."

"ఆ పాప తల్లి ఎలా చస్తుంది?"

"మేడమ్..."

"ఏ గుడ్డ కట్టుకుని?"

"మేడమ్, కోపంలో ఉన్నారు. మీ ఆయనతో ఒక్కసారి మాట్లాడండి, తొందరపడి..."

"ఆయాను పిలవండి. పిల్లను తెమ్మనండి."

"అక్కా!"

"అక్కా గిక్కా అన్నావంటే ఊరుకోను. నిన్ను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది. చేతులు కడుక్కుని రా. మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తుకో, లేకపోతే ఏడుస్తుంది. రేపు నువ్వు కోర్టుకొస్తావు. నాతో వస్తావు, నా కారులో. చచ్చిపోయినామె నడిచొచ్చిందండీ అని నేనే చెప్తాను జడ్జిగారికి."

"మీ అబ్బాయి మేడమ్! వాడేమవుతాడు?"

"పెద్దమ్మగారూ, మీరు కూర్చోండి. కూర్చుని, ఆ దుప్పటి ఎన్ని ముక్కలు కోశారో గుర్తు తెచ్చుకోండి. అంతమంది తల్లులనూ వెతికి పట్టుకురండి. ముందు మా పెద్దాడి తల్లిని. నీ బిడ్డను వీళ్ళకిచ్చావా అని ఆమెను నా ఎదురుగా, వాడి ఎదురుగా అడగండి. ఇవ్వలేదనే హక్కు ఆమెకుంది. ఇవాళే మొదలుపెట్టండి."