అంతరించిందని రాసుకో

భాషల సర్వే అమ్మాయి ఇస్త్రీ కొట్టుకి మళ్ళీ వచ్చింది. అంతరించిపోతున్న ఓ భాష గురించి అడిగితే నిన్ననే రాదని పంపేసినా మళ్ళీ ఎందుకొచ్చిందో కొట్టు పెద్దమ్మకి అంతుపట్టలేదు. లోపల కోడలు చంటిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని బట్టలు మడతపెడుతోంది.

"నిన్ననే చెప్పాను కదమ్మా, నాకు రాదని."

"అసలెప్పుడూ రాదా, మరిచిపోయారా?"

"రెండిటికీ తేడా ఏముంది?"

"నా కాగితంలో ఉంది పెద్దమ్మా. రెండు గళ్ళు."

"నీకేది తేలికైతే అందులో గీత గీసుకో. ముందు ఆ చొక్కా మీంచి సంచి తియ్యి, నలుగుతుంది."

"మీకు బాగా వచ్చని వీధి చివర దర్జీ చెప్పాడు."

"వాడికి ఒకరి ఊసెత్తందే సూదిలో దారం ఎక్కదు."

"అత్తయ్యా, ఆవిడకి మంచినీళ్ళివ్వనా?"

"నువ్వు మడతలు చూసుకో."

"ఏమ్మా, చంటిదాన్ని నిద్రపుచ్చేటప్పుడు మీ అత్తగారు ఏ భాషలో పాడతారు?"

"అత్తయ్య పాడరండీ. అంటే... పాడతారు. మాటలుండవు."

"మాటల్లేని పాటా?"

"దాన్నెందుకు అడుగుతావు? నన్నడుగు. వచ్చని ఎవరైనా ఒప్పుకుంటే ఏం చేస్తారు మీరు?"

"పేరు రాసుకుంటాం. మాటలు రికార్డు చేస్తాం."

"ఆ తర్వాత?"

"తర్వాత... అది పైవాళ్ళ చేతిలో ఉంటుంది."

"అదీ సంగతి! నా చిన్నప్పుడూ ఒకాయన ఇలాగే సంచి తగిలించుకొచ్చాడు. ఎంత తియ్యగా మాట్లాడాడని! ఇల్లిల్లూ రాసుకుపోయాడు. నెల తిరక్కుండా బండి వచ్చింది. పిల్లలందర్నీ హాస్టల్లో పడేశారు. అక్కడ మా మాట ఒక్కటి నోట్లోంచి వస్తే..."

"'మా మాట' అన్నారు."

"ఏదో నోరు జారింది."

"వస్తే ఏం చేసేవారు?"

"మా చెల్లి నోట్లో సబ్బు కుక్కారు. అది ఈనాటికీ ఏ భాషా తిన్నగా మాట్లాడదు. చాలా?"

"చాలు పెద్దమ్మా."

"ఏంటా రాయడం? చదువు."

"'మాట్లాడేవారు లేరు. అంతరించింది.' కింద నా సంతకం."

"ఇంకెవరూ రారుగా?"

"రారు. ఫైలు మూసేస్తారు."

"రెండ్రోజులు నా ప్రాణం తోడేసి, ఇప్పుడింత తేలిగ్గా ఎలా నమ్మేశావే?"

"నమ్మలేదు. ఆఫీసు పని అయిపోయింది కాబట్టి ఇప్పుడు నాకోసం అడుగుతున్నా. మా అమ్మ పోయి రెండేళ్ళు. ఆ భాషలో నన్ను పలకరించే మనిషి లేరు పెద్దమ్మా. ఒక్క మాట... తిట్టయినా సరే."